రాజంపేట ప్రాంతమున వేసవి గాలివానయు, చెయ్యేటి వఱదయు

రాజంపేట, నందలూరు, పుల్లంపేట, ఓబులవారిపల్లె, రైల్వే కోడూరు ప్రాంతములందు భూములు గల రైతులకు ఏటేట రెండు విధములైన ఆపదలు వచ్చుచుండును. మొదటిది చైత్ర వైశాఖ మాసములలో సాయంకాలమున లేచు గాలివాన. రెండవది ఆశ్వయుజ కార్తిక మాసములలో బంగాళాఖాతపు వాయుగుండమువలన వచ్చు ఏటి వఱద. ఈ రెంటిని "తుపాను" అను నొకే పేర పిలుచుట మన ప్రాంతమున వాడుకయై యున్నది. పేరొకటే యైనను ఇవి పుట్టు తీరు వేఱు, వచ్చు వేగము వేఱు, రైతు చేయవలసిన పని వేఱు. ఒకదానికి తగిన జాగ్రత్త రెండవదానికి పనికిరాకపోవుటయే గాక ఒక్కొక్కచోట కీడును గూడ చేయును. గాలివాన వచ్చినపుడు మోటారు గదిలో తల దాచుకొనుట మంచిది. వఱద వచ్చినపుడు ఏటి దరినున్న ఆ గదియే ప్రాణాపాయ స్థలము. ఈ భేదమును తెలుపుటకే ఈ కరపత్రము వ్రాయబడినది.

కడప సీమలో సంవత్సరమునకు సగటున 700 మిల్లీమీటర్ల ప్రాంతమున వాన కురియును. ఇది కఱవు సీమ యని పేరు. వాన రాలేదే యని మింటివంక చూచుటకు అలవాటుపడిన కన్నులు మనవి. వాన మితిమీఱునేమో యని చూచుట మనకు అలవాటు కాలేదు. అట్లయ్యు ఈ సీమలో వఱద క్రొత్త సంగతి కాదు. 1902వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ముద్దనూరు చేరువనున్న మంగపట్నము వద్ద రైలు వంతెన వఱదపాలై, మెయిలు బండి రాత్రివేళ వాగులో కూలిన సంగతి పెద్దలు చెప్పగా వినియుందురు.

వేసవి గాలివాన పుట్టు విధము

ఏప్రిల్, మే నెలలలో, అనగా అశ్వని, భరణి, కృత్తిక కార్తెలలో, నేల మిక్కిలి కాగును. నేలనంటిన గాలి వేడెక్కి, తేలికయై పైకి లేచును. అదే సమయమున తూర్పు సముద్రమునుండి తేమగాలి వెలికొండలు దాటి లోనికి వచ్చినయెడల, ఆ తేమ వేడిగాలితో గూడ పైకెగసి, చల్లబడి, మబ్బుగా మాఱును. కర్ణాటకము మీదుగా తమిళదేశము వఱకు ఉత్తర దక్షిణములుగా గాలి ద్రోణి యేర్పడిన దినములలో ఈ పని మఱింత బలముగా జరుగును. అట్టి మబ్బు పది పండ్రెండు కిలోమీటర్ల యెత్తునకు గోపురమువలె పెరుగును. దాని పైభాగమున నీరు గడ్డకట్టి వడగండ్లగును.

మబ్బునుండి వాన రాలునపుడు దాని క్రింది గాలి చల్లబడి బరువెక్కి ఒక్కసారిగా నేలపై బడి నలుదిక్కులకు వ్యాపించును. వానకు ముందు దుమ్ము రేపుచు వచ్చు చల్లగాలి ఇదియే. తోటలను పడగొట్టునది వాన కాదు, ఈ గాలి. అది ముఖమునకు తగిలిన తరువాత రైతునకు మిగులు కాలము కొన్ని నిమిషములు మాత్రమే. ఆ వేళ ఊతకఱ్ఱలు వెదకికొనువాడు తన ప్రాణమును మీదికి తెచ్చుకొనునే గాని తోటను కాపాడుకొనలేడు.

ఇట్టి గాలివాన సాధారణముగా అరగంట మొదలు ఒక గంట వఱకు ఉండును. వెడల్పును కొద్ది మైళ్లే. ఒక ఊరి అరటితోట నేలకొఱగగా, ప్రక్క యూరిలో ఆకైనను కదలదు. కావుననే వాతావరణశాఖవారు ఉదయమున ఫలానా ఊరిలో గాలివాన వచ్చునని చెప్పజాలరు. వారి ప్రకటనలలోని మాటలకు లెక్క కలదు. "ఒకటి రెండు చోట్ల" అనినచో ఆ ప్రాంతమున నున్న వర్షమాన కేంద్రములలో నాలుగవ వంతునకు మించని చోట్ల వాన యని యర్థము. "చాలా చోట్ల" అనినచో నాలుగింట మూడు పాళ్లకు మించిన చోట్ల వాన. ఒకటి రెండు చోట్ల అని చెప్పినారు, మా యూరికి రాలేదు, వారి మాట అబద్ధమని కొందఱు నవ్వుదురు. ఆ నవ్వునకు తావు లేదు. మధ్యాహ్నము తరువాత రాబోవు మూడు గంటలకు మాత్రమే వర్తించునట్లు వారు వేఱుగా హెచ్చరికలు పంపుచుందురు. గాలివానకు రైతు నమ్మవలసినది వానినే.

మే నెలలో సముద్రపు వాయుగుండమే రాదని గూడ ఎంచరాదు. 1990వ సంవత్సరము మే 9వ తేదీని కృష్ణా తీరమున, 2010వ సంవత్సరము మే 20వ తేదీని బాపట్ల వద్ద ("లైలా" అను పేరిట) పెనుతుపానులు తీరము దాటినవి.

తోటలను గుఱించి

అరటి, బొప్పాయి, మామిడి ఈ ప్రాంతపు రైతునకు ధనము తెచ్చు పైరులు. ఈ మూడింటిలో గాలికి మొదట లొంగునది అరటి. దాని కాండము చెట్టు గాదు, ఆకుతొడిమల చుట్ట మాత్రమే. గెల వేసిన తరువాత తల బరువై, వేళ్లు లోతులేక, ఒక్క తోపునకే ఒఱగును. కావున గెల తొడిగిన ప్రతి చెట్టునకు రెండు సరుగుడు కఱ్ఱలనైనను వెదురు బొంగులనైనను కత్తెరగా నిలిపి, గెల ఒరగిన వైపున ఊత నీయవలెను. కఱ్ఱలకు వ్యయము చేయలేనివారు ఎదురెదురు చెట్లను గట్టి త్రాటితో ఒకదానికొకటి కట్టవచ్చును. అయితే వరుసయంతయు ఒకే త్రాటితో కట్టుట తప్పు. ఒకటి పడినచో తక్కినవానిని లాగును. చెట్టు మొదట మట్టి ఎగద్రోయుట ఫాల్గుణములోనే ముగియవలెను. గాలి హెచ్చరిక వచ్చిన దినమున తోటకు నీరు పెట్టరాదు. తడిసి మెత్తబడిన నేల వేళ్లను పట్టి యుంచజాలదు. ముదిరిన గెలలను ధర పెరుగునను నాసతో చెట్టుననే యుంచుట ఈ రెండు నెలలలో జూదము వంటిది.

బొప్పాయికి గాలికంటె నీరు నిలుచుట హెచ్చు శత్రువు. మొదట నీరు రెండు దినములు నిలిచినయెడల వేళ్లు కుళ్లి చెట్టు చచ్చును. కావున బోదెలపై నాటి, మడికి దిగువవైపున కాలువ తీసి యుంచవలెను. మామిడిలో రాలిన కాయను చెట్టున కోసిన కాయతో కలుపరాదు. దెబ్బ తగిలిన కాయ రెండు మూడు దినములలో కుళ్లి మంచి కాయను గూడ చెఱచును. దానిని ఆ దినమే ఊరగాయకో ఒరుగులకో వేఱుగా అమ్మివేయవలెను.

వడగండ్లవలన బెరడు చిట్లిన చెట్లకు తెగులు పట్టకుండుటకు నూటికొకటి పాలు బోర్డో మిశ్రమము చల్లవచ్చును. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, ఒక కిలో మంచి సున్నమును మఱియొక 50 లీటర్ల నీటిలోను వేర్వేఱుగా కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలియబెట్టవలెను. ఇనుప పాత్రలు వాడరాదు. మిశ్రమములో మెఱుగుపెట్టిన కత్తిని ముంచి తీసినపుడు దానిపై ఎఱ్ఱని పూత పట్టినయెడల సున్నము చాలలేదని యెఱిగి మఱికొంత కలుపవలెను. కలిపిన దినమే వాడవలెను. తోటల విషయమై ఇతర సందేహములున్నవారు రైల్వే కోడూరు చేరువనున్న అనంతరాజుపేట ఉద్యాన పరిశోధన స్థానమువారిని అడిగి తెలిసికొనవచ్చును.

తోటకు పడమటను, నైరుతిని సరుగుడు గాని, అవిసె గాని, వెదురు గాని రెండు వరుసలు దట్టముగా పెంచినచో గాలి వేగము తగ్గును. కాని వంకకు అడ్డముగాను, ఏటి దరిని నీటి దారికి ఎదురుగాను ఇట్టి కంచె వేయరాదు. వఱదలో చెత్తయు దుంగలును దానికి తట్టుకొని, అది ఆనకట్టయై, నీటిని మీ మడిలోనికో ప్రక్కవాని మడిలోనికో త్రిప్పును.

పిడుగును గుఱించి కొంత చెప్పవలెను. మెఱుపు కనబడిన తరువాత ఉఱుము వినబడువఱకు లెక్కపెట్టుడు. మూడు సెకనులకొక కిలోమీటరు చొప్పున మబ్బు దూరము తేలును. ముప్పది సెకనులకు లోపల ఉఱుము వినబడినచో పిడుగు మీ చేనిలో పడుటకు వీలున్నదని యెంచి పని విడిచి ఇల్లో, మోటారు గదియో చేరవలెను. చింతచెట్టు, వేపచెట్టు క్రింద నిలుచుటయు, గొఱ్ఱెలను గుంపుగా చెట్టుక్రింద తోలుటయు మిక్కిలి అపాయము. పూణెలోని ఉష్ణదేశ వాతావరణ శాస్త్ర సంస్థవారి "దామిని" అను సెల్‌ఫోను సాధనము చేరువలోని పిడుగులను తెలుపును. ఇంట చదువుకొన్న పిల్లలున్న రైతులు దానిని పెట్టించుకొనుట మంచిది.

ఋతువునకు ముందు చేయు ప్రకటన

ఏటేట ఏప్రిల్ నెల నడుమ వాతావరణశాఖవారు రాబోవు నైరుతి వానలను గుఱించి ప్రకటన చేసి, మే నెలాఖరున దానిని సవరింతురు. అందు చెప్పబడు నూటికి ఇంత యను లెక్క దేశమంతటి సగటును గుఱించినది. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు దేశమునకు సగటు వాన 87 సెంటీమీటర్లు. అందు నూటికి 96 మొదలు 104 వఱకు సాధారణము. రాజంపేట వఱద కాలము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు గాన, ఏప్రిల్ ప్రకటన విని చెయ్యేటి సంగతి నిర్ణయించుకొనుట తగదు.

పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కు "ఎల్ నినో" సంవత్సరములలో నైరుతి బలహీనమగుననియు, ఈశాన్య వానలు హెచ్చుననియు పలుమాఱు గమనింపబడినది. 2015వ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలలలో చెన్నపట్టణము మునిగినది అట్టి యేడే. అయితే 2021 దానికి విరుద్ధమైన "లా నినా" సంవత్సరము. ఆ యేడు కార్తికమున జరిగిన దానిని రాజంపేటవారికి ఎవరును చెప్పనక్కఱలేదు. కావున ఏ సంవత్సరమైనను స్వాతి కార్తె వచ్చుసరికి ఏటి దరి రైతు సిద్ధముగా నుండవలెను.

చెయ్యేటి వఱద

బాహుద, పింఛ యను రెండు ఏళ్లు కలిసి చెయ్యేరగును. ఈ రెండును పీలేరు, సుండుపల్లె ప్రాంతపు మెట్టలనుండియు కొండలనుండియు వచ్చును. చెయ్యేరు కొండల నడుమ దారి చేసికొని రాజంపేట సీమలోనికి దిగి, నందలూరు ప్రక్కగా ఉత్తరమునకు పాఱి పెన్నలో కలియును. ఏడాదిలో హెచ్చు నెలలు ఇసుకయే కనబడు నేరు ఇది. ఈ నీటి దారిని రైతు మనస్సునందు పటమువలె ఉంచుకొనవలెను. ఏలయనగా, మీ పొలమును ముంచు నీరు మీ పొలముపై కురిసిన నీరు కాదు. అది ఎగువ కొండలపై ముందటి పగలును రాత్రియు కురిసినది. మీ యూరిలో తుంపర మాత్రమే పడుచుండగా, లేక ఆకాశము తేటపడి చుక్కలు కనబడుచుండగా గూడ, ఏరు నిండుగా రావచ్చును. వేసవి గాలివాన వెలిసినంతనే చేనికి తిరిగి పోవచ్చును. కార్తికమున వాన వెలిసినంతనే ఏటిలోని మోటారు కొఱకు దిగుట ప్రాణాంతకము.

2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీని, విశాఖ కార్తె ముగియుచుండగా, కార్తిక పౌర్ణమి వేళ, బంగాళాఖాతపు వాయుగుండము తెల్లవాఱుజామున చెన్నపట్టణము చేరువను తీరము దాటెను. తేమగాలి శేషాచలము, పాలకొండలకు తగిలి పైకెక్కి, తిరుమల మొదలుకొని ఎగువ ప్రదేశములందు కుంభవృష్టి కురిసెను. ముందుగా పింఛ జలాశయపు కట్ట తెగినది. ఆ నీరును, బాహుద నీరును కలిసి బాదనగడ్డ వద్దనున్న అన్నమయ్య జలాశయముపై బడినవి. దాని అయిదు గేట్లలో ఒకటి తెఱచుకొనలేదు. నీరు మట్టికట్టను పొరలి పాఱగా కట్ట కోసికొనిపోయెను. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, రామచంద్రపురము, గుండ్లూరు గ్రామములపై వఱద విఱుచుకొనిపడెను. ముప్పదిమందికి పైగా మరణించుటయో గల్లంతగుటయో జరిగినది. నందలూరు, రాజంపేటల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయినది. పశువులు కట్టుకొయ్యలకే చచ్చినవి. పొలములు ఇసుక క్రింద కప్పబడినవి.

ఎగువ ఆనకట్ట యున్నది గదా, అది వఱదను ఆపునని పలువురు నమ్మియుండిరి. ఆ నమ్మకమును లెక్క వేసి చూతము. అన్నమయ్య జలాశయము పట్టు నీరు 2.24 టి.ఎం.సి. ఒక టి.ఎం.సి. యనగా 100 కోట్ల ఘనపుటడుగులు. కావున జలాశయము పట్టునది 224 కోట్ల ఘనపుటడుగులు. ఆ యుదయమున వచ్చిన ప్రవాహము మూడు లక్షల క్యూసెక్కులకు పైగా నుండెనని అంచనా. అనగా సెకనునకు మూడు లక్షల ఘనపుటడుగులు. ఆ లెక్కను జలాశయము పూర్తిగా ఒట్టిపోయి యున్నను రెండు గంటల నాలుగు నిమిషములలో నిండును. సగము నిండియున్నచో ఒక్క గంట. అట్టి వఱదను ఇంత చిన్న జలాశయము దాచుకొనజాలదు. వచ్చినదానిని వచ్చినట్లు విడువవలసినదే. మట్టికట్టకు రాతికట్టకు భేదమిదియే: రాతికట్ట పైనుండి నీరు కొంతసేపు పొరలినను నిలువవచ్చును, మట్టికట్ట పైనుండి పొరలిన నీరు దానిని వెనుకవైపునుండి కోసివేయును. మీ యూరి చెఱువు కట్టకును ఇదే విధి. దసరాలోపల మరవలోని ముండ్లకంపను, పూడికను తీయించుటయు, కట్టపై ఎలుక బొఱియలను, చీమల పుట్టలను కొట్టి మట్టి దిమ్మిస చేయించుటయు ఊరి రైతులు కలిసి చేయవలసిన పని. చేపల కొఱకు మరవకు అడ్డు కట్టు ఆచారము కొన్ని యూళ్లలో నున్నది. దానిని ఈ కాలమున ఎంతమాత్రము సాగనీయరాదు.

హెచ్చరికలలోని వాన లెక్కను తెలిసికొనవలెను. ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు "భారీ వర్షము", 115.6 మొదలు "అతిభారీ", 204.5కును దానికి మించిన దానికిని "అత్యంత భారీ" యని పేరు. ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన యనగా నాలుగువేల లీటర్లకు పైబడిన నీరు. అత్యంత భారీ వర్షమనగా మన సీమలో ఏడాదికి కురియు వానలో నాలుగవ వంతునకు మించినది ఒక్క దినమున పడుట. రంగులలో పసుపు కనిపెట్టి యుండుమనియు, నారింజ సిద్ధపడుమనియు, ఎఱుపు పని జరుపుమనియు తెలుపును. రాజంపేటకు పసుపు మాత్రమే యున్నను, ఎగువ పీలేరు, సుండుపల్లె వైపున గాని, శేషాచలము మీద గాని ఎఱుపున్నచో, చెయ్యేటి దరి రైతు దానిని తనకు ఎఱుపుగానే యెంచవలెను. హెచ్చరిక చదువునపుడు మన మండలము పేరు మాత్రమే వెదకుట పెద్ద పొరపాటు.

అట్టి దినమున చీకటి పడకముందే పశువులను ఏటి దరినుండి మిట్టకు తోలి, తోలలేనిచో పలుపులైనను విప్పి విడువవలెను. విత్తనములు, పట్టాదారు పుస్తకము, బ్యాంకు కాగితములు నీరు చొరని సంచిలో కట్టి మిద్దెపై నుంచవలెను. మోటారును, స్టార్టరును ముందటి దినమే విప్పి తెచ్చుకొనవలెను; నీరు వచ్చిన తరువాత దాని కొఱకు పోరాదు. ముదుసలులను, బిడ్డలను ఆ రాత్రి మిట్ట యింట పడుకొనబెట్టవలెను. ఏటి నీరు ఎఱ్ఱబడుట, నురుగుతో చెత్త కొట్టుకొని వచ్చుట, మట్టము ఒక్కసారిగా పెరుగుట వఱద మొనకు గుఱుతులు. అప్పటికి కాగితము లేదు, పశువు లేదు, మిట్ట యొక్కటే దిక్కు. పొంగిన కల్వర్టుపై నీరు మోకాలి బంటి యున్నను దాటరాదు. క్రింద దారి యున్నదో కోసికొనిపోయినదో పైకి తెలియదు.

ఇసుక మేట

వఱద పోయిన తరువాత పొలముపై మిగిలినది ఒండ్రు అయినచో అది యెరువు. ఇసుక యైనచో ముందుగా పలుచోట్ల గుంట త్రవ్వి దాని మందమును కొలువవలెను. ఎకరముపై ఒక అంగుళము ఇసుక యనగా 3,630 ఘనపుటడుగులు. ట్రాలీకి 100 ఘనపుటడుగుల చొప్పున 36 ట్రాలీలు. ఒక అడుగు మందమైనచో 435 ట్రాలీలు. తన ఎడ్లతోను, తన ట్రాక్టరుతోను ఒక రైతు తీయగలది కాదని ఈ లెక్కవలన తేలును. కావున మూడంగుళములలోపు మేటను లోతు దుక్కితో క్రింది మట్టిలో కలిపి, చెఱువు మట్టియు పశువుల యెరువును సమృద్ధిగా వేసి, మొదటి యేడు జీలుగ గాని జనుము గాని చల్లి పూతకు ముందు కలియదున్నవలెను. అంతకు మించినదానిని తీయుటకే యత్నింపవలెను. ప్రభుత్వ సహాయమునకు అర్జీ పెట్టుకొనువారు మందము కొలత, సర్వే నంబరు, గట్టు గుఱుతులతో ఫోటో సిద్ధపఱచుకొనవలెను. గట్లు ఇసుకలో పూడిపోయిన చోట ఇరుగుపొరుగు రైతులు కలిసి సర్వేయరుచే హద్దులు వేయించుకొన్న పిదపనే ఇసుక త్రోయించుట మంచిది. లేనియెడల వఱద పోయినను వ్యాజ్యము మిగులును. తీయుటకు ఆలస్యమగు మేటలపై గుంటలు తీసి, గుంటకొక గంప యెరువు వేసి, దోస, పుచ్చ, కర్బూజ వేసవికి వేయవచ్చును. ఏటి యిసుకలో ఈ తీగలు బాగుగా కాయునని ఏటి దరివారికి తెలిసిన సంగతియే.

పైరు వేసినంతనే ఈ-పంటలో నమోదు చేయించుకొనవలెను. నమోదు లేని పైరునకు నష్టము చూపుట కష్టము. ఫసల్ బీమా చేసినవారు వడగండ్లవలనను, నీట మునుగుటవలనను కలిగిన స్థానిక నష్టమును 72 గంటలలోపల తెలియజేయవలెను. పడిన అరటిని నఱకి శుభ్రము చేసిన తరువాత చూపుటకు ఏమియు మిగులదు గాన, నఱకుటకు ముందే ఫోటో తీయించి, రైతు సేవా కేంద్రములో వ్రాయించుకొని, రసీదు పుచ్చుకొనవలెను. ఆ పిమ్మట విఱిగిన కాండములను కోసి, చెట్టునకొక మంచి పిలకను మాత్రము నిలిపి, తక్కినవానిని త్రవ్వివేసి యెరువు పెట్టినచో ఆ తోట తిరిగి లేచును.